ఒక్క వాద్యం మనిషి

ఆదివారం మధ్యాహ్నం సంగీత నాటకం ఆటలో, రెండో అంకం మధ్యలో, లెనోర్ సాబో ఫ్లూట్ దించి బాస్ క్లారినెట్ ఎత్తుకోవడానికి నాలుగు బార్ల, అంటే తాళం నాలుగు చుట్లు తిరిగేంత, విరామం దొరుకుతుంది. పైన వేదిక మీద కథానాయిక మెట్లు దిగి వచ్చేంతసేపు. గడియారం పెట్టి కొలిస్తే ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో ఫ్లూట్ ఎడమ పక్కనున్న స్టాండు మీదికి పోవాలి. మనిషి నడుము దాటే పొడవున్న బాస్ క్లారినెట్ మోకాళ్ళ మధ్యకి రావాలి. అప్పటిదాకా సన్నగా గాలి వదులుతున్న పెదవులు ఆ పని మరిచిపోయి, రెల్లు బద్దతో చేసిన రీడును గట్టిగా పట్టుకునే పనిలోకి మారాలి. మొదటి స్వరం కథానాయిక పాదం నేలకి ఆనినప్పుడే పలకాలి. ముందు పలికితే తప్పు, తర్వాత పలికినా తప్పు.

ఆ రోజూ సరిగ్గానే పలికింది. పైన కూర్చున్న పన్నెండు వందల మందిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. తెలియకపోవడమే ఆ పనికి గుర్తింపు.

వేదిక కింద వాద్యకారులు కూర్చునే పిట్‌లో లెనోర్ కుర్చీ చుట్టూ అయిదు వాద్యాలు స్టాండ్ల మీద నిలబడి ఉంటాయి. ఫ్లూట్, ఓబో, క్లారినెట్, బాస్ క్లారినెట్, టెనర్ శాక్సోఫోన్. తిరునాళ్ళలో కొట్టు పెట్టుకున్న మనిషిలా వాటి మధ్య ఆమె. వెనక వరసలో ట్రాంబోన్ వాయించే రూబెన్ ఓక్స్‌కి ఇరవై రెండేళ్ళుగా అదే వేళాకోళం.

"ఆ చిన్నది ఎంతకిస్తావు? బేరమాడొచ్చా?" అన్నాడు ఆట అయిపోయి దీపాలు వెలిగాక.

"నీ మొహానికి ఊదడం వస్తేగా."

"నాకు రెండు చేతులు, ఒక్క గొట్టం. దేవుడు ఎలా పంపించాడో అలాగే ఉన్నా." ట్రాంబోన్ తుడుచుకుంటూ గొంతు తగ్గించాడు. "రేపేగా?"

"రేపే."

"సింఫనీలో ఆ కుర్చీ ఇంతకుముందు ఖాళీ అయి ఎన్నాళ్ళయింది?"

"ముప్పై ఒక్క ఏళ్ళకి ఇదే మొదటిసారి."

"మళ్ళీ ఖాళీ అయ్యేసరికి మనిద్దరం మట్టిలో ఉంటాం. వస్తే మమ్మల్ని గుర్తుపెట్టుకుంటావా, లేక కోటేసుకుని తల తిప్పుకుంటావా?"

"వస్తే మిగతా మూడూ నీ కారులో పడేస్తా. అమ్ముకో."

"ఓబో మాత్రం వద్దు తల్లీ. అది వింటే మా కుక్క ఏడుస్తుంది."

లెనోర్ నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్క వాద్యాన్ని విప్పి, లోపలి తడి గుడ్డతో లాగి, పెట్టెల్లో పడుకోబెట్టింది. అయిదు వాద్యాలు, అయిదు పెట్టెలు. అందరూ వెళ్ళిపోయాక ఎప్పుడూ ఆఖరున పిట్ దాటి వచ్చేది ఆమే.

మర్నాడు వెల్లర్‌బర్గ్ నగర సింఫనీ వాద్యబృందంలో రెండో క్లారినెట్ స్థానానికి పరీక్ష. రెండో క్లారినెట్ అంటే దానితోపాటు బాస్ క్లారినెట్ కూడా. ఏడాది పొడుగునా జీతం. ఆరోగ్య బీమా. ఆ బీమా మాట లెనోర్ ఎవరితోనూ అనేది కాదు గాని మనసులో లేకపోలేదు. భర్త మిలన్ బస్సు డిపోలో మెకానిక్. అతని ఉద్యోగం మీద వచ్చే బీమా అతను పోయాక కొంతకాలమే నడుస్తుంది. పోయి పదిహేను నెలలయింది.

కాని కుర్చీ కావాలనుకోవడానికి అది అసలు కారణం కాదు. ఆమె వయసు నలభై తొమ్మిది. ముప్పై ఏళ్ళలో తనను మెచ్చుకున్నవాళ్ళందరూ అంకె చెప్పే మెచ్చుకున్నారు. "అయిదు వాయిస్తుందట!" అనేవారు. "ఒక్క మనిషే!" అనేవారు. ఆ అయిదింటిలో ఏదైనా ఎలా ఉందని ఎవరూ అనలేదు. పన్నెండో ఏట స్కూల్లో మొదట పట్టుకున్నది క్లారినెట్. కాలేజీలో దాన్ని వింటూ గురువు కళ్ళు మూసుకునేవాడు. తర్వాత పెళ్ళయింది, అద్దె కట్టాలి. ఫ్లూట్ వచ్చి చేరింది. తర్వాత శాక్సోఫోన్. ఓబో అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చి అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. కూడు దొరికింది, కాదనడానికి లేదు. కాని ఏ సాయంత్రమూ తను ఏ వాద్యం మనిషో చెప్పలేని బతుకయింది.

అందుకే ఎనిమిది నెలలుగా తెల్లవారి అయిదింటికి లేచి క్లారినెట్, బాస్ క్లారినెట్ తప్ప ఇంకేమీ ముట్టకుండా మూడు గంటలు సాధన చేసింది. పెళ్ళిళ్ళకి శాక్సోఫోన్ వాయించడం మానేసింది. పిట్ మానడానికి మాత్రం కుదరలేదు.

ఆ ఆరు సెకన్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొత్త ఆట మొదలయ్యే ముందు వారం, వంటింట్లో, భోజనాల బల్ల చుట్టూ స్టాండ్లు పెట్టుకుని వాద్యాలు మార్చడం అభ్యాసం చేసేది లెనోర్. మిలన్ చేతి గడియారం విప్పి ఎదురుగా కూర్చునేవాడు. సంగీతం అతనికి పెద్దగా తెలియదు. బస్సు చక్రం ఎంతసేపట్లో మార్చవచ్చో తెలుసు. "ఎనిమిది. ఎడమ చెయ్యి ఖాళీగా ఊగుతోంది, దానికేదైనా పని చెప్పు," అనేవాడు. "ఏడు. స్టాండు అరచెయ్యి దగ్గరికి జరుపు." ఆరుకి వచ్చాక గడియారం పెట్టుకుని, "ఇక నా వల్ల కాదు. ఇంతకంటే తొందరగా ఏ బస్సూ కదలదు," అని లేచి అంట్లు తోమేవాడు.

పరీక్ష రోజున అతన్ని తలుచుకోకూడదని లెనోర్ ముందే నిర్ణయించుకుంది.

*

ఆ పరీక్షల పద్ధతి వేరు. వేదికకీ న్యాయనిర్ణేతలకీ మధ్య నిలువెత్తు తెర కడతారు. వాయించేది ఆడో మగో, ముసలివారో పడుచువారో, తెలిసినవారో కొత్తవారో అవతలివారికి తెలియకూడదు. చెప్పుల చప్పుడు కూడా వినిపించకుండా ద్వారం నుంచి కుర్చీ దాకా తివాచీ పరుస్తారు. నోరు తెరిచి మాట్లాడకూడదు. ఏదైనా అడగాలంటే వెంట వచ్చిన మనిషి చెవిలో చెబితే, ఆ మనిషి తెర అవతలికి వినబడేలా అడుగుతుంది. పేరు ఉండదు, నంబరు ఉంటుంది. లెనోర్ నంబరు ఇరవై ఏడు.

ఆ తెర ఆమెకి నచ్చింది. అవతలి తొమ్మిది మందిలో సగంమంది తనకి తెలిసినవాళ్ళే. పండగల రోజుల్లో పిట్‌లో మనుషులు తక్కువయితే వచ్చి పక్కన కూర్చుని వాయించి వెళ్ళినవాళ్ళు. ముఖం కనబడితే, "ఓహో, అయిదు వాద్యాల ఆవిడ!" అనుకుంటారు. తెర ఉంటే వాళ్ళకి క్లారినెట్ ఒక్కటే వినబడుతుంది.

పొద్దున నలభై మూడు మంది వచ్చారు. మొదటి విడతలో అందరూ క్లారినెట్టే వాయించాలి. మధ్యాహ్నానికి ఎనిమిది మంది మిగిలారు. మళ్ళీ క్లారినెట్టే. మూడు గంటలకి తలుపు మీద కాగితం అంటించారు. ఇరవై ఏడు. నలభై ఒకటి. అంతే.

లెనోర్ ఆ రెండు అంకెల్నీ మూడుసార్లు చదివింది.

నలభై ఒకటో నంబరు పక్క గదిలోనే ఉంది. పొద్దుటి నుంచీ గోడ అవతల నుంచి ఒక స్వరం వినబడుతూనే ఉంది. ఎక్కడ మొదలైందో తెలియని స్వరం. నిశ్శబ్దమే కొంచెం చిక్కబడి స్వరమైనట్టు ఉండేది. లెనోర్ తన సాధన ఆపి రెండుసార్లు విన్నది. రెండోసారి వినకుండా ఉండవలసిందనుకుంది.

మంచినీళ్ళ దగ్గర ఆ మనిషి కనబడింది. ఇరవై ఎనిమిది, ముప్పై మధ్య ఉంటుంది. పొట్టి జుట్టు, చేతివేళ్ళకి అక్కడక్కడా ప్లాస్టర్లు.

"ఇరవై ఏడు మీరేనా? నేను మారిట్. మాట్లాడుకోకూడదని రూలేం లేదుగా?"

"తెర వెనక మాత్రమే. నేను లెనోర్. వేళ్ళకేమయింది?"

"అట్టపెట్టెలు కోసుకుంటాయి. టొలీడో ఊళ్ళో గోదాములో ప్యాకింగు నా పని. తెల్లవారి నాలుగింటి నుంచి పన్నెండింటి దాకా. తర్వాత రాత్రి దాకా ఇది." పెట్టెని మోకాలితో తట్టింది. "మీరు ఈ ఊరేనా? ఎక్కడ వాయిస్తారు?"

"థియేటర్లో, పిట్‌లో."

"రోజూనా?"

"సోమవారం తప్ప రోజూ."

"వాయించినందుకు రోజూ డబ్బిస్తారా?" మారిట్ కళ్ళు పెద్దవయ్యాయి. "నాకిది పద్దెనిమిదో పరీక్ష. ఆరేళ్ళలో పదిహేడు ఊళ్ళు తిరిగా. నాలుగుసార్లు చివరిదాకా వచ్చా. విమానంలో బాస్ క్లారినెట్‌కి విడిగా సీటు కొనాలి తెలుసా? కిటికీ పక్కన దాన్ని కూర్చోబెట్టి, నేను మధ్య సీట్లో నలిగేదాన్ని. ఇప్పుడు ఇద్దరం బస్సులో వస్తున్నాం."

"ఇంకేమైనా వాయిస్తావా?"

"అబ్బే. ఇదే." ఆ మాట ఆమె సిగ్గుపడుతూ అంది. లెనోర్ ఆ మాటని గర్వంగా అనగలగాలని ఎనిమిది నెలలుగా తెల్లవారి లేస్తోంది.

నంబరు పిలిచారు. ముందు నలభై ఒకటి, తర్వాత ఇరవై ఏడు.

*

ఆఖరి విడతలో క్లారినెట్ మీద నాలుగు భాగాలు, తర్వాత బాస్ క్లారినెట్ మీద తొమ్మిది బార్ల నెమ్మది భాగం వాయించాలి. లోతైన ఒక్క స్వరంతో మొదలయ్యే ఆ తొమ్మిది బార్ల కోసమే అసలు ఈ పరీక్ష అని అక్కడికి వచ్చినవాళ్ళందరికీ తెలుసు.

లెనోర్ కూర్చుంది. హాలు చల్లగా ఉంది. కుడి పక్క స్టాండు మీదున్న బాస్ క్లారినెట్‌ని అరచెయ్యికి అందేంత దగ్గరికి జరుపుకుంది. చప్పుడు రాకుండా దానిలోకి వెచ్చటి ఊపిరి నింపి పెట్టుకుంది. చల్లబడిన వాద్యం శ్రుతి కిందికి జారుతుంది. తర్వాత క్లారినెట్ ఎత్తింది.

నాలుగు భాగాలూ ఆమె జీవితంలో ఎప్పుడూ వాయించనంత బాగా వచ్చాయి. ఆ సంగతి వాయిస్తూ ఉండగానే ఆమెకి తెలిసింది. కాలేజీ రోజుల నాటి క్లారినెట్ ఎక్కడికీ పోలేదని, తన మీద అలిగి ఒక మూలన కూర్చుని ఉందని, పిలిస్తే వచ్చిందని అనిపించింది. ఆఖరి స్వరం హాలు చివరిదాకా వెళ్ళి ఆగింది.

ఆగిన మరుక్షణం ఆమె చేతులు కదిలాయి. క్లారినెట్ స్టాండు మీదికి పోయింది. ఎడమ చెయ్యి ఖాళీగా ఊగలేదు. బాస్ క్లారినెట్ మోకాళ్ళ మధ్యకి వచ్చింది. రీడు పెదవుల మధ్యకి వచ్చింది. ఊపిరి పీల్చుకుంది. ఆ చప్పుడూ, మీటలు టక్కుమన్న చప్పుడూ తెర అవతలికి వినబడ్డాయి.

తెర అవతల ఇంకా కాగితాలు తిప్పుతున్నారు. ఆ గరగరల మధ్య ఎవరో నవ్వారు.

అది ఎగతాళి నవ్వు కాదు. తెలిసిన మనిషి హఠాత్తుగా ఎదురుపడితే వచ్చే నవ్వు. దానిలో ఇష్టం కూడా ఉంది. అదే పిడిగుద్దులా తగిలింది. చెప్పుల చప్పుడు తివాచీ దాచింది, ముఖాన్ని తెర దాచింది. చేతుల్ని దాచడానికి ఎవరూ ఏమీ కట్టలేదు. సింఫనీ మనుషులు ఒక వాద్యం దించి, నోరు తుడుచుకుని, ఇంకొకటి ఎత్తి, ఊది చూసుకుని, కుర్చీ సర్దుకుని మొదలుపెడతారు. దానికి ఒక నిమిషం పడుతుంది. ఆరు సెకన్లలో సిద్ధమయ్యే మనిషి ఈ ఊళ్ళో ఒక్కతే ఉందని అవతల కూర్చున్నవాళ్ళకి తెలుసు.

"తొందరేం లేదు, ఇరవై ఏడో నంబరు గారూ," అంది ఒక మగ గొంతు. వాద్యకారుల మేనేజరు కార్విన్ గొంతు అది. "కావలసినంత సమయం తీసుకోండి."

లెనోర్ పీల్చిన ఊపిరి వదిలేసింది. సమయం తీసుకోమన్నారు, తీసుకోవాలి. ఎంత తీసుకోవాలి? మామూలు మనిషి ఎంతసేపు ఆగుతుంది? పది అంకెలు లెక్కపెట్టింది. చాలదేమోనని ఇరవై దాకా వెళ్ళింది. ముప్పై ఏళ్ళుగా ఆగడం అనే పని ఆమె చెయ్యలేదు. ఆగినప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. నలభై అంకెలు లెక్కపెట్టాక రీడు కొస ఆరినట్టు అనిపించింది. మళ్ళీ తడిపితే చప్పుడవుతుందని భయపడింది. చల్లటి గాలి నేల మీది నుంచి వాద్యం గొట్టంలోకి ఎక్కుతూ ఉంది.

వాయించింది.

ఆ మొదటి స్వరం ఒక రెప్పపాటు ఆలస్యంగా వచ్చింది. శ్రుతికి వెంట్రుకవాసి కిందికి వచ్చింది. పిట్‌లో అయితే ఎవరికీ తెలియదు. ఆ హాల్లో అందరికీ తెలిసింది. తర్వాతి ఎనిమిది బార్లూ నిర్దోషంగా వాయించింది. అద్దం పగిలాక చట్రాన్ని తుడిచినట్టుగా ఉంది.

*

నలభై నిమిషాల తర్వాత కార్విన్ వచ్చి ఇద్దరి ముందూ నిలబడి కాగితం చదివాడు.

"ఈసారి ఎవరినీ నియమించకూడదని కమిటీ తీర్మానించింది. మీ ఇద్దరి కృషికీ ధన్యవాదాలు."

మారిట్ అతని వైపు తేరిపార చూసింది. "ఎవరినీ అంటే? నలభై మూడు మందిలో ఎవరినీనా?"

"అలా జరుగుతూ ఉంటుందమ్మా."

"అయితే ఆ కుర్చీ తనంతట తనే వాయించుకుంటుందా?"

కార్విన్ కాగితం మడిచాడు. మారిట్ పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్ళగానే లెనోర్‌ని వసారా చివరికి తీసుకెళ్ళాడు. ఇద్దరిదీ ఒకే వయసు, ఇరవై ఏళ్ళ పరిచయం.

"నువ్వని నాకు తెలియకూడదు. కాని ఏం చెయ్యను లెనోర్? ఆ పని ఇంకెవరికి చేతనవును?"

"నవ్విందెవరు?"

"అది నేను చెప్పకూడదు."

"కమిటీ ఏమంది? అదైనా చెప్పొచ్చా?"

"ఇంత సిద్ధంగా ఉండే మనిషిని నేనెప్పుడూ వినలేదు అన్నారొకరు. అది మెచ్చుకోలే."

"మొదటి స్వరం?"

కార్విన్ తన బూట్ల వైపు చూశాడు. "మొదటి స్వరం మాట అందరూ అన్నారు."

లెనోర్ గోడకి ఆనుకుంది. ఆ క్షణంలో, తలుచుకోకూడదనుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఆ వేగం ఆమె ఒక్కదానిది కాదు. ఇద్దరు కూర్చుని, రాత్రి భోజనాలయ్యాక, సెకను సెకను తగ్గించి తయారుచేసుకున్నది. దాని గురించి ఈ మనిషితో ఏమని చెప్పుకోవడం?

"ఇప్పుడు అసలు సంగతి విను," అన్నాడు కార్విన్. "కుర్చీ ఖాళీగానే ఉంటుంది. వారం వారం ఎవరినో ఒకరిని పిలవాలి. వచ్చే వారం తర్వాత వారం కచేరీకి బాస్ క్లారినెట్ కావాలి. అందులోనే ఒక కొత్త రచనకి టెనర్ శాక్సోఫోన్ ఉంది, ఎనిమిదే బార్లు. నువ్వయితే ఒక్కదానివి సరిపోతావు."

"బాస్ క్లారినెట్ ఒక్కటే అయితే?"

"ఒక్కటే అయితే మా దగ్గర చాలామంది ఉన్నారు లెనోర్."

అతను ఆ మాట మర్యాదగానే అన్నాడు. ఆమెకి మాత్రం పొద్దుటి నుంచి పట్టుకున్న ఓపిక అక్కడ తెగిపోయింది. అయిదు వాయించినందుకు కుర్చీ లేదు. అయిదు వాయించినందుకే ఆ కుర్చీలో అతిథిగా కూర్చోమంటున్నారు.

"అయితే ఆ చాలామందిలో మొదట ఈ అమ్మాయి పేరు రాసుకో. మారిట్, టొలీడో. నేను రాను."

"కోపంలో అంటున్నావు."

"అవును, కోపంలోనే అంటున్నా. రాసుకో."

*

నదికి దగ్గరగా ఉన్న స్లొవాక్ వలసవాళ్ళ క్లబ్బులో సోమవారం సాయంత్రాలు వేడిగా హలుష్కీ పెడతారు. వెన్నలో వేయించిన క్యాబేజీ, నూడుల్స్. మారిట్ బస్సుకి ఇంకా రెండున్నర గంటలుంది. లెనోర్ ఆమెని అక్కడికి తీసుకెళ్ళింది. ఎందుకో తనకే సరిగ్గా తెలియదు. ఓడిన రోజున ఇంటికి వెళ్ళి ఖాళీ బల్ల ముందు కూర్చోవడం ఇష్టం లేకపోయి ఉండవచ్చు.

మారిట్ ఆకలి మీద ఉంది. సగం పళ్ళెం ఖాళీ అయ్యేదాకా మాట్లాడలేదు.

"నా పేరు మీరే ఇచ్చారట. బయల్దేరేముందు ఆ కార్విన్ గారు అన్నారు. నా కోసం వదులుకున్నారా?"

"నీ కోసం కాదు. నాకు ఒళ్ళు మండింది."

"అదీ నిజమే." నవ్వి ఫోర్కు కింద పెట్టింది. "ఒక మాటడుగుతా, తిట్టకండి. నాకు ఫ్లూట్ నేర్పుతారా? శాక్సోఫోన్ కూడా. నెలకి రెండు సార్లు బస్సులో వస్తా."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? మీరు రోజూ వాయిస్తారు. రోజూ! నేను ఆరేళ్ళలో డబ్బు తీసుకుని వాయించింది పదకొండుసార్లు."

లెనోర్ నీళ్ళ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "కడుపు నిండేంతగా రావాలంటే మూడేళ్ళు పడుతుంది," అంది.

"పర్లేదు."

"ఈ మూడేళ్ళలో నీ క్లారినెట్ రోజూ కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గిందో నీకు తెలియదు. నాకూ తెలియలేదు, ఇవాళ్టి దాకా. పొద్దున గోడ అవతల నుంచి నీ స్వరం విన్నాను అమ్మాయ్. నాకు అలాంటిది ఒకప్పుడు ఉండేది. ఉందనే అనుకున్నా. నీది వినేదాకా."

"తగ్గకుండా ఉంచుకున్నందుకు నన్ను మాత్రం ఎవరు తీసుకున్నారు?"

పక్క బల్ల దగ్గర ముసలివాళ్ళు పేకాడుకుంటూ ఒకరినొకరు దొంగవంటే దొంగవని తిట్టుకుంటున్నారు.

మారిట్ ఫోను మోగింది. నంబరు చూసి నిటారుగా కూర్చుంది.

"చెప్పండి కార్విన్ గారూ... ఆ, నేనే... ఖాళీగానే ఉంటానండీ. వారమంతా ఉంటా..." లెనోర్ వైపు చూసి కళ్ళతోనే కేక పెట్టింది. తర్వాత ఆ ముఖం కొంచెం మారింది. "టెనర్ శాక్సోఫోనా?" పళ్ళెం పక్కకి తోసింది. "ఆ... వాయిస్తానండీ. ఎందుకు వాయించనూ. చాలా ఏళ్ళుగా వాయిస్తున్నా."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టి దాని మీద రెండు చేతులూ వేసింది, అది మళ్ళీ లేచి నిజం చెప్పేస్తుందేమో అన్నట్టు.

"ఎన్నేళ్ళుగా?" అంది లెనోర్.

"స్కూల్లో ఉండగా ఒకసారి మా అన్నది పట్టుకున్నా."

"మతి ఉందా నీకు?"

"పదమూడు రోజులుంది. ఎనిమిది బార్లేనట."

"నేనెందుకు రానన్నానో తెలుసా? ఈ ఎనిమిది బార్ల కోసమే. రోజంతా నా క్లారినెట్ విని, చివరికి వాళ్ళకి నాతో కావలసింది ఈ ఎనిమిది బార్లు!"

"మీరు రానన్నారు. రాననడానికి మీకు రేపు సాయంత్రం ఆట ఉంది." మారిట్ గొంతు పెంచలేదు. "నాకు తెల్లవారి నాలుగింటికి అట్టపెట్టెలున్నాయి లెనోర్. నేను దేన్ని చూసుకుని రాననను?"

పేకాట బల్ల దగ్గర తిట్లు ఆగాయి. ముసలివాళ్ళు ఇటు చూశారు. లెనోర్ చేతిలోని గ్లాసు బల్ల మీద కొంచెం గట్టిగానే పెట్టింది. ఈ పిల్ల మీద కోపం రావాలి. వచ్చింది కూడా. కాని ఆ కోపం పిల్ల దాకా వెళ్ళి నిలబడలేక తిరిగి వచ్చింది. కార్విన్ దాకా వెళ్ళింది, తెర దాకా వెళ్ళింది, నవ్విన మనిషి దాకా వెళ్ళింది. ఎక్కడా నిలబడలేదు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు.

"మీ దగ్గర శాక్సోఫోన్ ఉందా?" అంది మారిట్ చిన్నగా.

"కారులో ఉంది."

"బస్సుకి ఇంకా గంటన్నర ఉంది."

లెనోర్ లేచి బయటికి వెళ్ళింది. కారు డిక్కీలో అయిదు పెట్టెలూ ఎప్పటిలాగే సర్ది ఉన్నాయి. శాక్సోఫోన్ పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. డిక్కీ మూసి, లోపలికి వెళ్ళి, ఇది నా వల్ల కాదని చెప్పవచ్చు. చెబితే ఆ పిల్ల ఇంకొకరిని వెతుక్కుంటుంది. ఆ ఇంకొకరు తనకన్నా హీనంగా నేర్పుతారు. పెట్టె తీసుకుంది.

క్లబ్బు వెనక పెళ్ళిళ్ళ హాలు ఖాళీగా ఉంది. గోడ వార కుర్చీలు పేర్చి ఉన్నాయి. లెనోర్ రెండు కుర్చీలు దించి, వాద్యం బిగించి, పట్టీ మారిట్ మెడలో వేసి పొడుగు సరిచేసింది. మారిట్ క్లారినెట్‌ని పట్టినట్టే దాన్ని నోట పట్టింది. పెదవి మూలలు బిగిసి, గడ్డం నున్నగా సాగి, అచ్చు పుస్తకంలో బొమ్మలా ఉంది. పదిహేనేళ్ళ పట్టు అది. ఊదింది.

పిల్లి తోక తొక్కినట్టయింది. వంటగదిలోంచి ఒకావిడ కేకేసింది. "ఎవర్ని చంపుతున్నారమ్మా అక్కడ?"

మారిట్ పగలబడి నవ్వింది. లెనోర్ నవ్వలేదు.

"నోరు వదులు చెయ్యి."

"వదిలాను."

"అది వదలడం కాదు. నువ్వింకా క్లారినెట్ పట్టుకునే ఉన్నావు. మూలల్లోంచి వదులు. గడ్డం కిందికి జారనీ."

మారిట్ మళ్ళీ ఊదింది. ఈసారి కీచు సగమే ఉంది. లెనోర్ ముందుకు వంగి రెండు వేళ్ళతో ఆమె పెదవి మూలని తాకింది. అక్కడ కండ చిన్న గులకరాయిలా గట్టిగా ఉంది. పొద్దున గోడ అవతల నుంచి వచ్చిన స్వరాన్ని పట్టి ఉంచేది అదే. తన మూలల్లో అది ఎప్పుడు కరిగిందో, ఏ ఏడో, ఏ ఆట నడుస్తున్నప్పుడో లెనోర్‌కి తెలియదు.

"ఇక్కడ," అంది.

మూడోసారి స్వరం వచ్చింది. వెడల్పుగా, వెచ్చగా, హాలంతా నిండేలా వచ్చింది. మారిట్ కళ్ళు మెరిశాయి. ఆపకుండానే కనుబొమలెత్తి, బాగుందా అన్నట్టు అడిగింది.

"ఇంకా బిగుతుగానే ఉంది," అంది లెనోర్. "ఇంకొంచెం వదులు."